సిలోను రేడియో – తెలుగు శ్రోతల జ్ఞాపకములు: ఒక చారిత్రక పరిశీలనము

ఒక యుగపు చరిత్రను వ్రాయుటకు శాసనములు, తాళపత్రములు, ప్రభుత్వపు దస్తరములు, పత్రికలు సాధనములగుచున్నవి. కాని పలికిన క్షణముననే గాలిలో కలసిపోయిన మాటకు సాధనమేది? రేడియో చరిత్రను పరిశీలింపబూనిన వారికి మొట్టమొదట ఎదురగు చిక్కు ఇదియే. కేంద్రముల స్థాపన తేదీలు, ప్రసార యంత్రముల శక్తి, మంత్రుల నిర్ణయములు కాగితముమీద నిలిచినవి. పాటలు గ్రామఫోను రికార్డులమీద నిలిచినవి. ఈ రెంటికిని నడుమ, ఒక పాట ముగిసి మరియొక పాట మొదలగు వ్యవధిలో శ్రోతతో మాటాడిన కంఠము మాత్రము చాలవరకు నిలువలేదు. అది నేడు వృద్ధుల జ్ఞాపకములలోనే యున్నది.

1950వ దశకము మొదలుకొని సుమారు నాలుగు దశకములు వాణిజ్య ప్రసారములను వినిన తెలుగువారిని ఎవరిని కదిలించినను, వారు పాటకంటె ముందుగా పాటను పరిచయము చేసిన గొంతును తలచుకొందురు. పాటను నేడు కోరినపుడు వినవచ్చును. ఆ గొంతును వినలేము. కావున ఈ వ్యాసమున మేము రెండు పనులు తలపెట్టితిమి. మొదటిది, ఆ జ్ఞాపకములను తెలిసిన చరిత్రతో సరిపోల్చి, అవి ఎంతవరకు నిజమో, ఎచ్చట దారి తప్పుచున్నవో చూచుట. రెండవది, దారి తప్పిన చోటగూడ అవి ఏ సత్యమును తెలుపుచున్నవో విచారించుట.

తెలుగువారి జ్ఞాపకములలో వాణిజ్య ప్రసారమనగా ముందుగా సిలోను రేడియోయే. ఆ కేంద్రము పుట్టువు పాటలకొరకు జరిగినది కాదు. కొలంబోలో క్రమబద్ధమైన ప్రసారములు 1925 డిసెంబరు 16వ తేదీన మొదలయ్యెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆగ్నేయాసియా సేనాధిపత్యమువారు తమ సైనికుల కొరకు అచ్చట ఒక రేడియోను నెలకొల్పిరి. దాని కొరకు కొలంబో సమీపమున ఏకలయందు 100 కిలోవాట్ల శక్తిగల షార్టువేవు ప్రసార యంత్రమును నిలిపిరి. యుద్ధము ముగిసిన పిదప ఆ సాధన సంపత్తి సింహళ ప్రభుత్వము చేతికి వచ్చెను. 1949లో సిలోను రేడియో అను పేరు వెలసెను. 1950 సెప్టెంబరు 30వ తేదీన దాని వాణిజ్య విభాగము ప్రారంభమయ్యెను. కొలంబో ప్రణాళిక క్రింద ఆస్ట్రేలియానుండి వచ్చిన క్లిఫర్డ్ డాడ్ ఆ విభాగమును తీర్చిదిద్దిన వారిలో ముఖ్యుడు. యుద్ధవార్తలను, సైనికుల వినోదమును మోయుటకై తెచ్చిన యంత్రము పండ్లపొడుల ప్రకటనలను, ప్రేమగీతములను మోయుటకు పూనుకొనెను. ఒక చిన్న ద్వీపమునకు అంతటి పెద్ద గొంతు ఎట్లు కలిగెనను ప్రశ్నకు సమాధానమిది.

ఆ గొంతును వినుటకు భారతదేశము సిద్ధముగా ఉండుటకు వేరొక కారణము కలదు. 1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార శాఖామాత్యులైరి. ఆయన స్వయముగా సంగీతము నేర్చినవారు. శాస్త్రీయ సంగీతమునకు రాజాస్థానములు అంతరించిన పిదప ప్రభుత్వ రేడియోయే ఆశ్రయము కావలెనని ఆయన నమ్మిరి. సినిమా పాటలు జనుల అభిరుచిని పాడుచేయుచున్నవని తలచి వాటి ప్రసారకాలమును తగ్గించిరి. పాటతోపాటు చిత్రముపేరు చెప్పుట ప్రకటన యగునని దానిని మాన్పించిరి. ఇందుకు నిర్మాతలు కోపించి తమ పాటలను ప్రసారము చేయుటకిచ్చిన అనుమతులను ఉపసంహరించుకొనిరి. ఫలితముగా ఆలిండియా రేడియోలో సినిమా పాట దాదాపు వినబడకుండపోయెను.

ఇచ్చట జ్ఞాపకము చేయు మొదటి పొరపాటు కనబడును. ప్రభుత్వము సినిమా పాటలను ఒక ఆజ్ఞతో నిషేధించెనని పెద్దలు చెప్పుదురు. జరిగినది అంత సూటియైనది కాదు. మంత్రి పాటలను కుదించిరి, నిర్మాతలు ఉన్నవాటినిగూడ తీసికొనిపోయిరి. ఇరువురి పట్టుదల నడుమ శ్రోత మిగిలెను. రేడియోలో సంగీతమును సంస్కరించు యత్నము కేస్కర్ తోనే మొదలైనదనుటయు సరికాదు. హార్మోనియము స్వరములు మన గమకములకు లొంగవను వాదముతో ఆ వాద్యమును 1940లోనే ఆలిండియా రేడియోనుండి తొలగించిరి. అయినను శ్రోతకు ఈ వివరములతో పనిలేదు. తన ఇంటి రేడియోలో నిన్నటివరకు వచ్చిన పాట నేడు రాలేదు. సముద్రమునకు ఆవలనుండి అదే పాట వచ్చుచున్నది. దానిని అతడు నిషేధమనియే గుర్తుంచుకొనెను. ఆజ్ఞ యొక్క రూపమును జ్ఞాపకము మరచినది, అనుభవమును మాత్రము సరిగనే పదిలపరచినది.

భారతదేశపు వర్తక సంస్థలకు గూడ ఇది మంచి అదనయ్యెను. ఆలిండియా రేడియోలో నాడు వ్యాపార ప్రకటనలకు చోటు లేదు. కొలంబోలో కలదు. 1952 డిసెంబరు 3వ తేదీన బినాకా గీత్‌మాలా అను హిందీ కార్యక్రమము సిలోను రేడియోలో మొదలయ్యెను. దానిని నడిపినవారు అమీన్ సయానీ. తొలుత అది అరగంట కార్యక్రమము. ఏడు పాటలను వరుసలేక వినిపించి, జనాదరణననుసరించి వాటికి క్రమము కట్టి పంపుడని శ్రోతలను కోరెడివారు. సరియైన వరుసకు 100 రూపాయల బహుమతి. సయానీ తరువాతి కాలమున చెప్పిన దాని ప్రకారము తొలి ప్రసారమునకే 9,000 ఉత్తరములు వచ్చినవి. ఏడాదిలో ఆ సంఖ్య వారమునకు 65,000కు పెరిగెను. అన్ని ఉత్తరములను విప్పి చూచుట అసాధ్యమగుటచే పోటీని మాని, పాటలకు తామే మెట్లు నిర్ణయించి చెప్పు పద్ధతిని అవలంబించిరి. నేడు అందరును తలచుకొను ఆ మెట్ల వరుస ఇట్లు ఉత్తరముల వెల్లువనుండి పుట్టినది.

బుధవారము రాత్రి ఎనిమిది గంటలకు సయానీ కొలంబోలో కూర్చుండి మాటాడుచుండిరని తెలుగుదేశమున అనేకులు నమ్మిరి, మేమును నమ్మితిమి. నిజమునకు ఆయన బొంబాయిలోనే మాటాడెడివారు. ఆ మాటలను టేపుపై ఎక్కించి విమానములో కొలంబోకు పంపిరి. అచ్చటి యంత్రము వాటిని మరల భారతదేశముమీదికి చల్లెను. బొంబాయి గొంతు తెలుగు పల్లెకు చేరుటకు సింహళము మీదుగా పోవలసివచ్చెను. ఆనాటి ప్రసార విధానములోని వైపరీత్యమును ఇంతకంటె స్పష్టముగా తెలుపు ఉదాహరణము మాకు కనబడలేదు.

ఇక తెలుగు శ్రోత సంగతి. మదరాసు కేంద్రమునుండి 1938లోను, విజయవాడ కేంద్రమునుండి 1948లోను తెలుగు ప్రసారములు మొదలైనవి. నిజాము రాజ్యమున 1935నుండి హైదరాబాదులో దక్కను రేడియో యుండెను. కాని పల్లెలలో రేడియో పెట్టె అరుదు. మా బాల్యమున కృష్ణా డెల్టాలోని మా గ్రామమున కరణముగారి వసారాలో ఒక వాల్వుల రేడియో యుండెను. విద్యుత్తు రాలేదు కావున బరువైన బ్యాటరీతో పనిచేసెడిది. పెరటిలో రెండు వెదురు గడలకు రాగితీగ కట్టి దానినుండి ఒక కొసను లోనికి తెచ్చిరి. ఏటేట పోస్టాఫీసులో లైసెన్సు రుసుము చెల్లింపవలసి యుండెను. బ్యాటరీ అరిగిపోవునను భయముచే వార్తలకు, ధరవరలకు తప్ప దానిని విప్పెడివారు కారు. వారములో ఒక్కరాత్రి మాత్రము ఇంటి పిల్లల పోరు పడలేక కరణముగారు ముల్లును సిలోనువైపు త్రిప్పెడివారు. ఆనాడు అరుగుమీద మాకు చోటు దొరకుట కష్టము. ఆడువారు లోపలి గడపదగ్గర కూర్చుండి వినెడివారు. పాలేళ్ళు వాకిటిలో నిలిచెడివారు. అందరికిని ఒకే పాట, కాని అందరికిని ఒకే చోటు కాదు. ఈ సంగతిని మేము తీయని జ్ఞాపకముతో కప్పివేయదలచలేదు. మేము ఈ జ్ఞాపకములను కలబోసికొనినపుడు పాట పేరు చెప్పినవారు పెక్కండ్రు, తాము ఎచ్చట నిలిచి వినిరో చెప్పినవారు కొందరే.

ఆ ధ్వని పొంగుచు క్రుంగుచు వచ్చెడిదని అందరును చెప్పుదురు. ఈ విషయమున జ్ఞాపకము తప్పలేదు. పగటివేళ మీడియంవేవు తరంగములు నేలనంటి ప్రయాణించుటచే వాటి పరిధి కొలదియే. షార్టువేవు తరంగములు పైనున్న అయనోస్ఫియరు అను పొరను తాకి మరల నేలకు వంగును. అందుచే వందల మైళ్ళు దాటి వినబడును. ఆ పొర స్థితి నిలుకడగా ఉండదు కావున ధ్వనియు నిలుకడగా ఉండదు. పాట నడుమ ఒక చరణము మునిగిపోయెడిది. దానిని శ్రోతలు తమలో తాము పూరించుకొనెడివారు. ఆ పాటలను నేడు శుభ్రమైన ధ్వనిలో వినిన వృద్ధులు కొందరు ఏదో తక్కువైనదని చెప్పుటకు ఇదియొక హేతువని మాకు తోచుచున్నది. నాడు శ్రోతకూడ పాటలో కొంత పాడెను.

సిలోను రేడియో వాణిజ్య విభాగమున హిందీ పాటలదే పెద్ద పీట. తమిళమునకు తరువాతి స్థానము. తెలుగునకు లభించిన కాలము స్వల్పము. అయినను ఆ స్వల్పకాలమే తెలుగు శ్రోతల మనసులలో పెద్దదై నిలిచినది. అచ్చటనుండి తెలుగు పాటలను పరిచయము చేసిన మీనాక్షి పొన్నుదురై గొంతును నేటికిని తలచుకొనువారు కలరు. సముద్రమునకు ఆవల ఎవరో మన భాషలో మన ఊరి పేరును పలుకుట నాడు సామాన్యమైన అనుభవము కాదు. హిందీ కార్యక్రమముల వలన మరియొక ఫలితము కలిగెను. హిందీ ప్రచార సభవారి పరీక్షలకు కూర్చుండనివారుగూడ హిందీ పలుకుబడిని ఇట్లు చెవితో నేర్చిరి. సయానీ పాటల మెట్టునకు వాడిన పాయదాన్ అను మాటను దాని అర్థము సరిగ తెలియకయే మా తోటిపిల్లలు బడిలో మార్కుల వరుసకు వాడిరి.

వాణిజ్య ప్రసారముల అసలు విశేషము మాకు ఉత్తరములలో కనబడుచున్నది. శ్రోత కార్డు వ్రాసి పాటను కోరును. వ్యాఖ్యాత పాటకు ముందు కోరినవారి పేర్లను, ఊళ్ళను చదువును. బీహారులోని, నేటి ఝార్ఖండులోని, ఝుమ్రీ తిలయ్యా అను అభ్రకపు గనుల పట్టణము ఈ కోరికల వలననే దేశమంతట పేరుపొందెను. అట్టి ఊరు నిజముగా కలదా యని సందేహించినవారును కలరు. తెలుగునాట గూడ పేర్ల పట్టికను వినుటకే రేడియో పెట్టినవారు ఉండిరి. తన పేరు, తమ్ముని పేరు, మిత్రుల పేర్లు వరుసగా వ్రాసి, చివర ఇంటి పాపాయి పేరుకూడ చేర్చి పంపెడివారు. చదువుట అంతంతమాత్రమైన వారికి పొరుగువారు వ్రాసిపెట్టిరి. పత్రికలో పేరు పడవలెనన్న కథయో పద్యమో వ్రాయవలెను. రేడియోలో పేరు వినబడుటకు ఒక కార్డు చాలును. సామాన్యుని పేరు ఎట్టి ఘనకార్యము చేయకయే, ఒక పాటను ఇష్టపడినందుకు మాత్రమే, లోకమునకు వినబడుట ఇదియే మొదటిసారి యని చెప్పవచ్చును.

భాషాచరిత్ర దృష్టితో చూచినను ఇది విలువగల విషయము. వ్యాఖ్యాత భాష గ్రంథములలోని భాష కాదు, ఏ ఒక్క జిల్లా మాటయు కాదు. ఎదురుగ లేని లక్షలమందితో ఎదురుగ ఉన్న ఒకరితో వలె మాటాడవలసివచ్చుటచే అది క్రొత్తగా ఏర్పడిన తెలుగు. శ్రోతలు అను సంస్కృత పదము ఈ ప్రసారముల వలననే పల్లెలలో వాడుకమాట అయ్యెను. కోరినవారు, వినబోవు పాట, సమర్పించువారు వంటి మాటల కూర్పు పెండ్లి పందిళ్ళలోని మైకుల వరకు ప్రాకెను. మేము ఈ వ్యాసమును వ్రాయుచున్న భాషలో ఎవరును పాటను కోరియుండరు. ఆ క్రొత్త తెలుగు చరిత్రను వ్రాయుటకు వలసిన మూల సాధనములు, అనగా వ్యాఖ్యల టేపులు, శ్రోతల కార్డులు, చాలవరకు మిగులలేదు. టేపు విలువైన వస్తువు కావున ఒకదానిమీదనే మరల మరల ధ్వనిని ఎక్కించుట ప్రసార సంస్థలలో వాడుక. కార్డులు చదివిన పిదప చిత్తుకాగితములయ్యెను.

ప్రభుత్వ రేడియో ఊరకుండలేదు. 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి ప్రారంభమయ్యెను. దానికి ఆ పేరు పెట్టినవారు హిందీ కవి నరేంద్రశర్మ. కేస్కర్ మంత్రిగా ఉన్న కాలముననే సినిమా పాట ప్రభుత్వ రేడియోలోనికి మరల ప్రవేశించినదని గమనింపవలెను. చందా కమిటీ 1966లో ఇచ్చిన నివేదికలో వాణిజ్య ప్రకటనలను అనుమతింపవచ్చునని సూచించెను. 1967 నవంబరు 1వ తేదీన బొంబాయి, పూనా, నాగపూరు కేంద్రములలో అవి మొదలయ్యెను. తరువాత హైదరాబాదు, విజయవాడలకును వచ్చెను. జనరంజని మొదలైన కార్యక్రమములతో తెలుగు శ్రోత తన కోరికల కార్డును సముద్రమునకు ఆవలకు పంపవలసిన పనిలేకపోయెను.

కేస్కర్ విధానమును మేము పరిహాసముతో త్రోసివేయజాలము. సినిమా పాట తొలగిన చోటును నింపుటకు ఆలిండియా రేడియో లలిత సంగీతమును ప్రోత్సహించెను. ఆ ప్రోత్సాహము తెలుగున మంచి పంటనే యిచ్చెను. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారు విజయవాడ కేంద్రమున చేసిన కృషిని, భక్తిరంజని కార్యక్రమమును, దేవులపల్లి కృష్ణశాస్త్రి రేడియోకొరకు వ్రాసిన గీతములను ఈ సందర్భమున మరువరాదు. ప్రభుత్వము శ్రోతను విద్యార్థిగా చూచెను. వర్తకుడు శ్రోతను కొనుగోలుదారుగా చూచెను. ఆ చూపులు రెండును సంపూర్ణములు కావు. పండ్లపొడి అమ్ముడుపోని నాడు వర్తకుడు పాటను ఆపివేయును. గీత్‌మాలా మెట్లుగూడ రికార్డుల అమ్మకములపైనను, శ్రోతల సంఘముల అభిప్రాయములపైనను ఆధారపడినవి. రికార్డు కొనలేనివాని ఇష్టము ఆ లెక్కలో తక్కువ తూగెను. అయినను ఈ ఇరువురి నడుమ శ్రోత తన కార్డుతో ఒక సందు చేసికొనెను. ఆ సందులోనుండియే అతడు తన పేరు చెప్పెను.

1960వ దశకమున ట్రాన్సిస్టరు రేడియోలు వ్యాపించుటతో కరణముగారి వసారా అవసరము తగ్గెను. రేడియో పొలమునకు, పశువుల పాకకు, రిక్షాకు వెళ్ళెను. వాకిటిలో నిలిచి వినిన పాలేరు తన పెట్టెకు తాను యజమాని అయ్యెను. 1972లో సిలోను శ్రీలంక అయ్యెను. కేంద్రము పేరును మారెను. కాని మన పెద్దలు నేటికిని దానిని సిలోను అనియే పిలుచుదురు. తరువాత క్యాసెట్లు, దూరదర్శనము వచ్చెను. గీత్‌మాలా 1989లో వివిధభారతికి మారి 1994లో ముగిసెను. కొన్ని ఏండ్ల పిదప వేరు పేరుతో కొంతకాలము మరల వినబడెను. అమీన్ సయానీ 2024 ఫిబ్రవరి 20వ తేదీన కన్నుమూసిరి. ఆ వార్త విని మా మిత్రులొకరు, ఎన్నడును చూడని మనిషి కొరకు ఇంట స్నానము చేసినవాడు తాను ఒక్కడే కాదేమోయని చెప్పిరి. మేము నవ్వలేదు.

పైన చూచిన జ్ఞాపకములలో పొరపాట్లు కలవు. కొలంబో కానిది కొలంబో అయినది. వివాదము నిషేధమైనది. అందరును కలసి వినిరను మాటలో గడప, వాకిలి మరుగుపడినవి. పొరపాటున్న సాక్ష్యమును పారవేయుట చరిత్రకారుని పద్ధతి కాదు. దానిని ప్రశ్నించి వినుట పద్ధతి. ఏ యింట వింటిరి, ఎచ్చట కూర్చుంటిరి, ఎవరు ముల్లు త్రిప్పిరి, కార్డులో ఏమి వ్రాసితిరి, వ్యాఖ్యాత పలికిన మాటలలో ఏది నోట నిలిచెను? ఈ ప్రశ్నలతో తెలుగు శాఖలవారు, విద్యార్థులు తమ ఊళ్ళలోని వృద్ధులకడకు పోయి వారి సమాధానములను ధ్వనిరూపమున భద్రపరచిన, మరియొక విధముగా లభింపని సాధన సంపద చేకూరును. పాత పెట్టెలలో శ్రోతల సంఘముల పుస్తకములు, కొలంబోనుండి వచ్చిన జవాబు కార్డులు, ఇంటిలో ఎక్కించుకొనిన క్యాసెట్లు ఇంకను దొరకవచ్చును. వాటిని చెదలకు వదలరాదు.

పాటలను గురించి మాకు దిగులు లేదు, అవి రికార్డులలో సురక్షితముగా ఉన్నవి. రెండు పాటల నడుమ పలికిన మాటలు, ఆ మాటలలో వినబడిన మన ఊళ్ళ పేర్లు, ఆ పేర్లను విని అరుగుమీద ఉలికిపడిన పిల్లలు మాత్రము ఏ రికార్డులోను లేరు. ఆ పిల్లలలో కొందరు నేడు ఎనుబది యేండ్ల వృద్ధులై మన ఇండ్లలోనే యున్నారు. వారిని అడుగుటకు కాలము మించలేదు, కాని మించుచున్నది.